ఆ పిల్ల చేసిన పని

“ఆ పిల్ల చేత కాల్పించొద్దమ్మా. ఇస్త్రీపెట్టె పైకెత్తితే చాలు, మిగతాది మనవాడు చూసుకుంటాడు” అని పెద్దాయన ఫోన్లో చెబుతున్నప్పుడు ఆమె బాల్కనీలో తడి దుప్పటితో కుస్తీ పడుతోంది. ఒక కొస తాడు మీద వేసి, రెండో కొస మోచేతికి చుట్టుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వింటోంది. దుప్పటి నీళ్ళు పాదాల మీద కారుతున్నాయి. మనవాడంటే సీరియల్లో హీరో. ఆ సీరియల్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా అతనే చూసుకుంటాడు.

“ఆ పిల్ల కాల్చకపోతే ఇక కథలో ఏముందండీ?” అంది ఆమె.

“కథకేమమ్మా, ఇంకా రెండొందల ఎపిసోడ్లున్నాయి” అన్నాడాయన నింపాదిగా. రేపు పదకొండింటికి చానల్ ఆఫీసులో కూర్చుంటున్నామనీ, ఈలోగా సీను రాసి పట్టుకురమ్మనీ చెప్పి పెట్టేశాడు.

పెద్దాయన పేరు ఇరవై ఏళ్ళుగా తెర మీద ‘కథనం, మాటలు’ అన్న అక్షరాల కింద పడుతోంది. ఆ మాటల్లో గత ఆరేళ్ళవి ఆమెవి. మొదట్లో ఆయన దస్తూరి ఎవరికీ అర్థం కాక, సాపు రాసిపెట్టే పనికి చేరింది. తర్వాత ఒక సీనుకీ ఇంకో సీనుకీ పొంతన కుదరని చోట రెండు మాటలు కలిపేది. ఆ రెండు మాటలూ నాలుగై, నాలుగూ నలభై పేజీలై, ఇప్పుడు “ఇలా ఇలా జరుగుతుందమ్మా” అని ఆయన ఫోన్లో అంటే చాలు, ఏడ్చేవాళ్ళ ఏడుపూ తిట్టేవాళ్ళ తిట్టూ ఆమె ఇంట్లో తయారై వెళ్తాయి. యూనిట్లో ఆమెను ‘అతుకులమ్మ’ అంటారు. ప్రేమగానే అంటారు. అసలు పేరు తెర మీద వెయ్యాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆమెకు ఒకటి రెండుసార్లు తోచింది కానీ, భర్త ఎప్పుడో అన్న మాట అడ్డం వచ్చింది. “నీకు కాలక్షేపంగా ఉంటుందని ఒప్పుకున్నాను. పేరూ గొప్పా అని మొదలుపెడితే ఇల్లెవరు చూస్తారు?” ఆయన ఆ మాట కోపంగా కూడా అనలేదు. సాక్సు వెతుక్కుంటూ అన్నాడు. సాక్సు వెతికిపెట్టింది ఆమే.

ఈ సీరియల్ ఒక పాత నవల ఆధారంగా తీస్తున్నది. రాసినావిడ ఒక బడి పంతులమ్మ, పోయి చాలాకాలమైంది. టీవీకిస్తామని సంతకం పెట్టిన అన్నకొడుకు ఆ పుస్తకం చదివాడో లేదో తెలియదు. పెద్దాయన మాత్రం చదవలేదు. ఆమె చదివి ఆయనకు కథ చెప్పింది. నవలలో ఒక తల్లి పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. ఎవరిదో కోటు జేబులో ఉంగరం కనబడలేదని, లాండ్రీ యజమాని పనివాళ్ళందరి ముందూ ఆమెను నిలబెట్టి, జాకెట్లో చెయ్యి పెట్టి వెతుకుతాడు. ఆ సాయంత్రమే ఉంగరం కోటాయన ఇంట్లోనే దొరుకుతుంది. యజమాని దానికి ఒక్క మాట అనడు. తల్లి మర్నాటి నుంచి మంచం దిగదు. తిండి మానేసి మూడు నెలల్లో పోతుంది. పదహారేళ్ళ కూతురు తను ఎవరో చెప్పకుండా అదే లాండ్రీలో పనికి చేరుతుంది. ఏడాదిపాటు చొక్కాలు మడతపెడుతుంది, మెప్పు పొందుతుంది, ఎదురుచూస్తుంది. ఒక మధ్యాహ్నం యజమాని బల్ల మీద చెయ్యి ఆనించి కబుర్లాడుతుంటే, కాలే ఇస్త్రీపెట్టె ఆ చేతి మీద పెట్టి నొక్కుతుంది. తల్లి ఒంటిని తడిమిన చెయ్యి అది. పది లెక్కపెట్టేదాకా తియ్యదు. తర్వాత పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపి, స్టూలు మీద కూర్చుని పోలీసుల కోసం చూస్తుంది. పెట్టె బోర్లా వదలకూడదని చిన్నప్పుడు తల్లి నేర్పింది.

పుస్తకం అక్కడితో అయిపోదు. మిగతా సగమంతా ఆ పిల్ల బాలికల హోంలో గడిపిన రోజులే. కాలిన చర్మం వాసన దాని ముక్కును వదలదు. అన్నం ముందు కూర్చుంటే కంచం పక్కకు తోసేస్తుంది. చేసిందానికి గర్వపడదు, అలాగని చెయ్యకుండా ఉండాల్సిందనీ అనదు. ఆమె ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివింది. ఆ పిల్ల చేసింది మంచిపనో కాదో మూడుసార్లూ తేల్చుకోలేకపోయింది. అలా తేలకపోవడమే ఆమెకు ఆ పుస్తకంలో నచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టేబుల్ మీద కంచాలు తీసేసి, తుడిచి, ఆరేదాకా ఆగి, కాగితాలు పరిచింది. ఆ ఇంట్లో ఆమెకంటూ వేరే బల్ల లేదు. కూతురు హాస్టల్‌కి వెళ్ళాక ఖాళీ అయిన గదిలోకి మారదామనుకుంటే, అందులోకి భర్త వ్యాయామం చేసే సైకిల్ వచ్చి కూర్చుంది. ఆ సైకిల్ మీద ఇప్పుడు తువ్వాళ్ళు ఆరుతుంటాయి. హాల్లో అత్తగారు సోఫాలో కాళ్ళు మడుచుకుని, నిన్న వచ్చిన ఎపిసోడే మళ్ళీ వేస్తుంటే మళ్ళీ చూస్తోంది. అత్తగారి మతిమరుపు ఇంట్లో పెద్ద జోకు. “మా అమ్మకి చూసిన సీరియలే రోజూ కొత్తది” అంటాడు భర్త చుట్టాలతో. అత్తగారు కూడా నవ్వేస్తుంది.

హీరో మాటలు చకచకా వచ్చేశాయి. లాండ్రీ యజమాని కొడుకే హీరో. పరిగెత్తుకొచ్చి పిల్ల మణికట్టు పట్టుకుంటాడు. “ఈ చేతులు గాయం చెయ్యడానికి కాదు, గాయం మాన్పడానికి” అంటాడు. ఇలాంటివి ఆమె పప్పు కలుపుతూ కూడా రాయగలదు. చిక్కల్లా ఆ తర్వాత పిల్ల ఏమంటుందన్న దగ్గర వచ్చింది. “నన్ను క్షమించండి” అని రాసింది. ఎందుకు క్షమించాలి, ఏం చేసిందని? కొట్టేసింది. “మీరు రాకపోతే ఏమైపోయేదాన్నో” అని రాసింది. ఏమైపోయేదో ఆ పిల్లకి స్పష్టంగా తెలుసు, ఏడాదిగా అనుకుంటూనే ఉంది. అదీ కొట్టేసింది. “నాకేమైందో నాకే తెలీలేదు” అని రాశాక చెయ్యి ఆగిపోయింది. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. విన్నది కాదు. తనే అంది, ఈ గదిలోనే, ఎనిమిది నెలల కిందట.

ఆ రోజు భర్త ఆఫీసు వాళ్ళు నలుగురు భార్యలతో సహా భోజనానికి వచ్చారు. ఆమె పొద్దున అయిదింటి నుంచీ నిలబడే ఉంది. వాళ్ళలో ఒకావిడ, మీరు సీరియళ్ళకి రాస్తారట కదా, ఎలా రాస్తారండీ అని నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమె నోరు విప్పేలోగా భర్త అందుకున్నాడు. “రాయడమేముంది, మా అమ్మా ఈవిడా వంటింట్లో అనుకునేవి ఉన్నవున్నట్టు దింపితే సరి. పైగా ఈవిడ రాసేదేం లేదు, పెద్దాయన చెప్తే టైపు కొడుతుంది.” అందరూ నవ్వారు. ఎవరో మంచినీళ్ళడిగారు. ఆమె చేతిలో గాజు జగ్గు ఉంది. అది భర్త చెవి పక్కనుంచి వెళ్ళి గోడకు తగిలి పగిలింది.

అందరూ గోడ వైపు తిరిగారు. అప్పుడు అత్తగారు “అయ్యో, చెయ్యి జారిందా” అంది. అంతే, గదిలో అందరికీ ఊపిరొచ్చింది. చెయ్యి జారితే జగ్గు కిందపడుతుంది, ఆరడుగులు అడ్డంగా ఎగరదు. అయినా అందరూ ఆ మాటే పట్టుకున్నారు. వారం తిరిగేసరికి అది ‘పాపం, కళ్ళు తిరిగాయి’ అయింది. పక్షం తిరిగేసరికి ‘రక్తం తక్కువట’ అయింది. భర్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, ఎంతో శ్రద్ధగా. మూడు నెలలు ఎర్ర మాత్రలు మింగింది. పక్కింటివాళ్ళు బీట్‌రూట్ తినమన్నారు. అందరూ ఇంత ఆదరంగా అడుగుతుంటే ఆమె కూడా “నాకేమైందో నాకే తెలీలేదు” అనడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు అది నిజమేనేమో అనిపించింది కూడా. కానీ పగిలిన గాజు పెంకొకటి ఎగిరి, ఎలా రాస్తారని అడిగినావిడ చీలమండ దగ్గర గీసుకుపోయింది. రక్తం వచ్చింది. ఆవిడకు కట్టు కడుతూ, విసిరింది నేనే, నన్ను మన్నించండి అని చెప్పాలని ఆమెకు గొంతుదాకా వచ్చింది. చెప్పే వీలు లేకపోయింది. చెయ్యి జారినవాళ్ళు క్షమాపణ అడగనక్కర్లేదు కదా.

ఇప్పుడు ఆ కొట్టివేతల కాగితం ముందు కూర్చుని ఆమెకు ఒక సంగతి తేటగా అర్థమైంది. పెద్దాయన ఆ పిల్లను కాపాడుతున్నాననే అనుకుంటున్నాడు. ఈ ఇంట్లో వాళ్ళూ తనను కాపాడామనే అనుకున్నారు. కోపం తీసేసి దాని స్థానంలో నీరసం పెట్టారు. తప్పు చేశావని ఒక్కరూ అనలేదు, బాగా చేశావనీ అనలేదు. నువ్వు చెయ్యనే లేదన్నారు. ఆమె కాగితం మడిచి పక్కన పెట్టి, సాయంత్రం కూరకు కత్తిపీట తీసుకుంది.

మర్నాడు చానల్ ఆఫీసులో పొడుగాటి బల్ల చుట్టూ ఆమె కాక ఆరుగురు కూర్చున్నారు. పెద్దాయన, డైరెక్టరు, మరో ముగ్గురు, కొసన చానల్ మేడమ్. మేడమ్ నలభై అయిదేళ్ళ మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చకచకా మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళు చెప్పేది సగం విని మిగతా సగం తనే పూర్తిచేస్తుంది. బల్ల మధ్య టీ ఫ్లాస్కు ఉంది. డైరెక్టరు దాని వంక చూసి, తర్వాత ఆమె వంక చూశాడు. ఆమె లేచి అందరికీ పోసింది. ఆరేళ్ళుగా ఎప్పుడు కూర్చున్నా ఆమే పోస్తోంది. మేడమ్ కూడా కప్పు అందుకుంది, ఎవరి చేతిలోంచి అందుకుంటున్నదీ చూడకుండా.

సీను ఏదమ్మా అని పెద్దాయన చెయ్యి చాపాడు. రాయలేకపోయానని చెప్పింది. ఒంట్లో బాగాలేదా అన్నాడు. బాగానే ఉందంది. ఆ పిల్ల చేసిన పని ఆ పిల్లదిగానే ఉండాలనిపిస్తోందని, ఒకసారి ఆలోచించమని అడిగింది.

మేడమ్ కళ్ళద్దాలు కిందికి దించింది. ఆవిడ చెప్పింది అర్థంలేని మాటేమీ కాదు. ఈ సీరియల్ చూసేది ఇల్లాళ్ళు, సాయంత్రం వంట చేసుకుంటూ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తారు, ఇస్త్రీపెట్టె లేని ఇల్లుండదు, రేపు ఏ పిల్లైనా అలాంటి పని చేస్తే బాధ్యత ఎవరిది అంది. ఆమె ఆ మాట ఒప్పుకుంది. కాల్చడం చూపించొద్దంది. చప్పుడు కూడా వద్దు, తలుపు ఇవతలి నుంచి తీయండి అంది.

“కానీ చేసింది ఆ పిల్లే అని ఉండాలి మేడమ్. మంచిపని చేసిందని నేననడం లేదు. హోంకి వెళ్తుంది, నిద్రపట్టదు, అన్నం సహించదు. అవన్నీ రాద్దాం. తప్పయితే తప్పు. ఆ తప్పు మాత్రం దానిదే.”

“ఆడపిల్ల మీద సానుభూతి పోతుందమ్మా” అన్నాడు పెద్దాయన.

“సానుభూతి కోసం అది ఏడాదిపాటు అక్కడ చాకిరీ చెయ్యలేదండీ.”

గదిలో ఎవరో దగ్గారు. మేడమ్ ఆమె వంక మొదటిసారి నిదానంగా చూసింది.

“మీరెవరు?” అంది.

ఎత్తిపొడుపేమీ లేదందులో. ఆవిడకు నిజంగానే తెలియదు. పెద్దాయన గబుక్కున, “మా అసిస్టెంటండీ, టైపింగు అదీ చూసుకుంటుంది” అన్నాడు. భర్త మాట, అచ్చంగా అదే మాట. ఈసారి ఆమె చేతిలో జగ్గు లేదు, ఎదురుగా చల్లారిన టీ కప్పుంది. ఆమె దాన్ని కాస్త అవతలికి జరిపింది.

“మాటలు రాస్తానండీ. ఆరేళ్ళుగా నేనే రాస్తున్నాను. ఈ సీను మాత్రం నేను రాయను.”

పెద్దాయన నవ్వేసి, సర్లేమ్మా, నేనే రాసుకుంటాను, ఎంతసేపు అన్నాడు. మేడమ్ ఏదో అడగబోయి, ఫోను మోగితే లేచి వెళ్ళింది. మాటలు వేరే విషయం మీదికి వెళ్ళిపోయాయి. ఆమె సంచీ తీసుకుని బయటికొచ్చింది.

మెట్ల దగ్గర ఆ పిల్ల వేషం వేస్తున్న అమ్మాయి ఆపింది. పంతొమ్మిదేళ్ళది, యూనిట్లో ‘కొత్తమ్మాయి’ అంటారు. పుస్తకం చదివానక్కా అంది. పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపి, స్టూలు మీద కూర్చోవడం ఇంట్లో రోజూ చేసి చూసుకుంటోందట. చేతులు వణక్కుండా రావడానికి పదిరోజులు పట్టిందట.

“ఇప్పుడేమో హీరో గుండెల మీద పడి ఏడవమంటున్నారక్కా. ఎందుకేడుస్తున్నానో తెలిస్తే ఏడుస్తాను. ఎందుకంటావ్?”

“నాకూ తెలీలేదమ్మా. అందుకే రాయలేకపోయాను” అంది ఆమె.

పది రోజుల తర్వాత ఆ ఎపిసోడ్ వచ్చింది. రాత్రి వంట త్వరగా ముగించి ఆమె కూడా హాల్లోకొచ్చి కూర్చుంది. భర్త అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చొక్కా గుండీలు విప్పుకుంటూ నిలబడి చూస్తున్నాడు. తెర మీద కొత్తమ్మాయి పెట్టె ఎత్తింది. హీరో మూడు వైపుల నుంచి మూడుసార్లు పరిగెత్తుకొచ్చి మణికట్టు పట్టుకున్నాడు. పిల్ల కుమిలి కుమిలి ఏడ్చింది. పెట్టె బల్ల మీద బోర్లా ఉండిపోయింది. ఈ గొడవంతా ఏమిటని లోపలికొచ్చిన యజమాని వైరు కాలికి తగిలి తూలిపడ్డాడు. చెయ్యి వెళ్ళి సరిగ్గా పెట్టె కింద పడింది. “పైవాడు చూస్తూనే ఉంటాడు” అన్నాడు హీరో పిల్ల తల నిమురుతూ.

“అదేమిటి?” అంది అత్తగారు.

ఏమిటమ్మా అన్నాడు భర్త.

“వాడెవడు పట్టుకోవడానికి? ఆ తల్లి మంచంలో పడున్నప్పుడు ఎక్కడున్నాడు వాడు?”

మంచిపనే చేశాడు కదమ్మా, లేకపోతే పిల్ల జైలుకెళ్ళేది అని భర్త నచ్చజెప్పబోయాడు. వెళితే వెళ్ళేది అంది అత్తగారు. టీవీ ఆపేసి, కోడలి వైపు తిరిగి, ఎందుకలా రాశావని నిలదీసింది. ఇది నేను రాయలేదత్తయ్యా అని చెప్పింది ఆమె. మరి పుస్తకంలో ఎలా ఉంది అని అడిగింది అత్తగారు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. అత్తగారికి చిన్న అక్షరాలు ఆనవు. ఆమె ఆ అధ్యాయం బిగ్గరగా చదివింది. పది లెక్కపెట్టే చోట అత్తగారి పెదాలు కదిలాయి, ఒకటి, రెండు, మూడు. పెట్టె నిలబెట్టి స్విచ్చి ఆపడం చదివాక పుస్తకం మూసింది. అత్తగారు బాల్కనీలో ఆరేసిన బట్టల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది.

“మా అమ్మకి బాగాలేదని కబురొచ్చిన రోజు మీ మామగారికి ఆఫీసులో ఏదో పెద్ద మీటింగు. వెళ్ళొస్తానంటే, నువ్వెళితే ఇక్కడ వంటెవరు చేస్తారు, ఆదివారం చూద్దాంలే అన్నారు. ఆ మీటింగుకని కొన్న చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. వీపు మధ్యలో పెట్టె పెట్టి వదిలేశాను. పొగొచ్చేదాకా పక్కనే నిలబడి చూశాను.”

“కావాలనే చేశారా?”

“కావాలనే. ఆయన కోప్పడతారనుకున్నాను. రెండు దెబ్బలేస్తే నాలుగు మాటలనొచ్చని చూశాను. ఆయనేం అనలేదు. పాపం, వాళ్ళమ్మ బెంగలో మరిచిపోయింది అన్నారు. అప్పటినుంచీ ఏం జరిగినా నాకు మతిమరుపే. నలభై రెండేళ్ళు.” అత్తగారు చీర కొంగు సర్దుకుంది. “నాకు మతిమరుపెప్పుడూ లేదే. మా అమ్మ ఆదివారం దాకా ఆగలేదు. అదీ గుర్తే.”

ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లోకొచ్చిన ఇరవై ఏళ్ళలో చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారేమో. అత్తగారు చెయ్యి లాక్కోలేదు. జగ్గు సంగతి కూడా ఆవిడే ఎత్తింది. నువ్వు విసరడం నేను కళ్ళారా చూశాను, నలుగురిలో నీ పరువు పోతుందని నోటికొచ్చింది అనేశాను, నా నోటికి ఆ మాట తప్ప ఇంకోటి రాదు, మమ్మల్ని అలాగే పెంచారు అంది.

ఆ సాయంత్రం భర్త కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుంది. మామూలుగా ఆ వేళకు వంటింట్లో ఉంటుంది. ఆయన కాస్త అనుమానంగా చూశాడు. ఆ రోజు జగ్గు జారలేదనీ, మీరన్న మాటకు ఒళ్ళు మండి విసిరాననీ, మీకు తగలనందుకు సంతోషమేననీ, కానీ రక్తం తక్కువై మాత్రం కాదనీ చెప్పింది. ఆయన మొహంలో రంగులు మారాయి. ఇప్పుడవన్నీ ఎందుకు, అయిపోయిందిగా అన్నాడు. ఎవరికైనా చెబుతావా ఏమిటి అన్నాడు. చెప్పాల్సినావిడ ఒకరున్నారంది ఆమె. ఆయన ఎదురుగానే, చీలమండకు దెబ్బ తగిలినావిడకు ఫోను చేసి, గాజు జగ్గు విసిరింది నేనే, మీ మీదికి కాదు కానీ మీకు తగిలింది, నన్ను మన్నించండి అని చెప్పింది. గుర్తు ఇంకా ఉందండీ, మచ్చ పడింది అంది అవతలావిడ. ఎవరైనా నిజం చెబుతారేమోనని చూశాను, ఇన్నాళ్ళకు చెప్పారు అంది. ఫరవాలేదని మాత్రం అనలేదు. ఆమెకు అది నచ్చింది. ఎనిమిది నెలల తర్వాత తను చేసిన పని తనదైంది, దాని మచ్చతో సహా.

వారం గడిచాక పెద్దాయన ఫోను చేశాడు. ఈసారి గొంతులో నింపాదితనం లేదు. సీను తేలిపోయింది. పిల్ల ఏమీ చెయ్యలేదు కాబట్టి తర్వాత దానికేం జరగాలో ఎవరికీ తోచడం లేదు. పోలీసు స్టేషను సీను ఒకటి అనుకున్నారు. యజమాని జారిపడ్డాడని తేలుతుంది, ఇన్‌స్పెక్టరు పిల్ల చేత సంతకం పెట్టించుకుని పంపించేస్తాడు, గుమ్మం దగ్గర హీరో ఉంటాడు. అక్కడ నాలుగు మాటలు కావాలి. నువ్వయితేనే కుదురుతుందమ్మా అన్నాడు.

రాస్తానంది. అయితే ఈ ఎపిసోడ్ నుంచి తెర మీద తన పేరు ఉండాలంది. ఆయన గతుక్కుమన్నాడు. ఇన్నాళ్ళూ అడగలేదేం అన్నాడు. అడగకపోవడం తన తప్పేనని ఒప్పుకుంది. ఆయన కాసేపు నసిగి, మేడమ్‌తో మాట్లాడి చెబుతానని, ముందు సీను పంపమని అన్నాడు. కాదు, ముందు పేరు, తర్వాత సీను అంది. మర్నాడు మధ్యాహ్నానికి, సరేనన్నారు అని కబురొచ్చింది.

ఆమె సైకిల్ మీది తువ్వాళ్ళు తీసి మడతపెట్టింది. సైకిల్‌ని అత్తాకోడళ్ళిద్దరూ కలిసి చెరో పక్కా పట్టుకుని బాల్కనీలోకి ఈడ్చారు. కూతురి చదువు బల్ల ఆ గదిలో ఇంకా అలాగే ఉంది. దుమ్ము తుడిచి, తలుపు వేసుకుని కూర్చుంది. కాలింగ్ బెల్ మోగితే అత్తగారే వెళ్ళి తీసింది.

సీను నాలుగు పేజీలు కూడా రాలేదు. ఇన్‌స్పెక్టరు కాగితం చదువుతాడు. యజమాని కాలు తట్టుకుని పడ్డాడు, ఇందులో నీ తప్పేమీ లేదమ్మా, సంతకం పెట్టి వెళ్ళు అంటాడు. పిల్ల పెన్ను తీసుకోదు. కాగితం చదువుతుంది. ఇందులో ఒక మాట తక్కువైంది సార్ అంటుంది. ఏమిటది అంటాడు ఇన్‌స్పెక్టరు. ఆ తర్వాతి మాట రాయడానికి ఆమెకు ఏ కష్టమూ కాలేదు. ఒక్క అక్షరం కొట్టేయకుండా రాసింది.

“ఆయన చెయ్యి కాల్చడానికే నేను పెట్టె ఎత్తాను. ఇతనొచ్చి పట్టుకున్నాడు. పట్టుకోకపోతే కాల్చేదాన్ని. అది కూడా రాయండి, అప్పుడు సంతకం పెడతాను.”

ఎప్పటిలాగే పెద్దాయన చదవకుండానే సెట్టుకు పంపిన ఆ సీను కొత్తమ్మాయి ఒక్క టేకులో చేసిందట. ఏడవలేదట. డైరెక్టరు మళ్ళీ చేయించబోయి ఊరుకున్నాడట. అవన్నీ ఆ అమ్మాయే ఫోను చేసి చెప్పింది. ఆ వెనకాలే పెద్దాయన నుంచి ఫోనొచ్చింది. చానల్లో కలకలంగా ఉందని, మేడమ్ ఆ ముక్క చూసి ఈ మాటలు ఎవరు పెట్టారని అడుగుతోందని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, నువ్వేం కంగారుపడకమ్మా, ఏదో హడావుడిలో పొరపాటున పడిపోయిందని నేను సర్దిచెబుతాను, నీ మీదికి రానివ్వను అన్నాడు. ఆయన మంచితనంలో కపటం లేదు. నిజంగానే ఆమెను కాపాడదామనుకుంటున్నాడు.

సర్దిచెప్పొద్దండీ, మీకు శ్రమెందుకు అని ఆమె పెట్టేసింది. బల్ల ముందు కూర్చుని, చానల్ ఆఫీసు నంబరు వెతికి కలిపింది. రెండు చోట్ల ఆపి, ఎవరు, ఏం పని అని అడిగారు. చెప్పింది. మూడోసారికి మేడమ్ లైన్లోకొచ్చింది.

“మేడమ్, పోలీసు స్టేషన్లో ఆ పిల్ల చెప్పిన మాటలు ఎవరివని అడిగారట. పొరపాటున పడలేదు. నేను రాశాను.”